సహాయ కాన్వాయ్‌లో వెళ్ళాలా, ఇక్కడే ఉండి సాయం చేయాలా? యూరప్‌లోని తెలుగువాళ్ళ కోసం ఒక పోలిక

చలికాలం దగ్గరపడేసరికి బ్రిటన్‌లోనూ ఐర్లాండ్‌లోనూ చారిటీల నుంచి పిలుపులు మొదలవుతాయి. ఉక్రెయిన్ కుటుంబాలకు సామాను తీసుకెళ్తున్నాం, వ్యాన్ నడిపేవాళ్ళు కావాలి అని. ఆ మెసేజీలు మన వాట్సాప్ గ్రూపుల్లోకీ వస్తాయి. చూడగానే వెళ్ళాలనిపించేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు, దానికి కారణమూ ఉంది. 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైనప్పుడు ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదువుతున్న మన పిల్లలు గడ్డకట్టే చలిలో పదుల కిలోమీటర్లు నడిచి పోలండ్ సరిహద్దులోని మెడికాకు, రొమేనియా సరిహద్దులోని సిరెట్‌కు చేరుకున్నారు. అక్కడ వాళ్ళకు వేడి సూప్, దుప్పటి, సిమ్ కార్డు ఇచ్చింది ముక్కూ మొహం తెలియని వాలంటీర్లే. ఆ నెలల్లో దాదాపు 22,500 మంది భారతీయులు క్షేమంగా తిరిగొచ్చారు. ఆంధ్రలో, తెలంగాణలో ఎన్నో ఇళ్ళకు ఆ రుణం గుర్తుంది.

వెళ్ళాలన్న తపన మంచిదే. కానీ సాయం చేయడానికి దారులు ఐదున్నాయి, అందరికీ ఒకే దారి సరిపడదు. కాన్వాయ్‌తో పోలండ్ వరకు వెళ్ళవచ్చు. సరిహద్దు దాటి ఉక్రెయిన్ లోపలికి వెళ్ళవచ్చు. సరిహద్దు ఊళ్ళలో కొన్నాళ్ళుండి పనిచేయవచ్చు. మీ ఊరి గోడౌన్‌లో సామాను సర్దవచ్చు. డబ్బు పంపవచ్చు. ఎంపికలో దూరానికి పెద్ద విలువ ఇవ్వకండి. సామాను అవతల ఎవరు అందుకుంటున్నారు, వాళ్ళు ఏం అడిగారు అన్నవి తేలాక మిగతావి చూసుకోవచ్చు. ఈ వ్యాసమంతా నేను దీనిమీదే నిలబడి రాస్తున్నాను.

## ముందు చూడాల్సినవి

అవతల ఎవరున్నారు. మంచి కాన్వాయ్‌కి చిరునామా ఉంటుంది. ఫలానా ఊళ్ళో ఫలానా ఆసుపత్రి, వృద్ధాశ్రమం, లేదా ఇళ్ళు వదిలొచ్చిన కుటుంబాలు తలదాచుకుంటున్న హాస్టల్ అని చెప్పగలుగుతారు. వాళ్ళు పంపిన జాబితా చేతిలో ఉంటుంది. సామాను అందినట్టు ఎవరు సంతకం చేస్తారో ముందే తెలుసు. పైగా ఉక్రెయిన్ ప్రభుత్వం మానవతా సాయాన్ని ఆన్‌లైన్‌లో నమోదు చేసే పద్ధతి పెట్టింది. అందుకునే సంస్థ అందులో నమోదై ఉండకపోతే వ్యాన్ సరిహద్దులోనే ఆగిపోవచ్చు.

ఇది ఎందుకు ముఖ్యమో మనకు వేరే దేశం చూసి నేర్చుకోవాల్సిన అవసరం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు రాష్ట్రమంతటి నుంచీ ఆహారం తరలివచ్చింది. ఫ్లైఓవర్ దగ్గరున్నవాళ్ళకు పొట్లాలు మళ్ళీ మళ్ళీ అందాయి, లోపలి వీధుల్లో మేడల మీద చిక్కుకున్నవాళ్ళు మాత్రం ఎదురుచూస్తూనే ఉన్నారు. 2004 సునామీ తర్వాత నాగపట్నంలో పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉన్నాయి. ఇచ్చినవాళ్ళ మనసులో లోపం లేదు. చివరి వీధి దాకా చేర్చే మనిషి లేడు, ఏం కావాలని అడిగినవాడూ లేడు.

పాస్‌పోర్టు, వీసా. తెలుగువాళ్ళలో చాలామందికి ఇక్కడే తేలిపోతుంది. బ్రిటన్‌లో గానీ ఐర్లాండ్‌లో గానీ భారతీయ పాస్‌పోర్టుతో ఉంటే పోలండ్ వెళ్ళడానికి షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. ఫీజు 90 యూరోలు. అపాయింట్‌మెంట్ దొరకడమే పెద్ద టెన్షన్ కాబట్టి డిసెంబరు కాన్వాయ్‌కి సెప్టెంబరులోనే మొదలుపెట్టాలి. ప్రయాణ కారణం ఉన్నదున్నట్టు రాసి, చారిటీ ఇచ్చిన ఉత్తరం జతచేయండి. జర్మనీ, నెదర్లాండ్స్, పోలండ్ రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్ళకు పోలండ్ దాకా ఈ బాధ లేదు.

లైసెన్సు, బరువు. మామూలు కారు లైసెన్సుతో నడపగలిగేది 3.5 టన్నుల వరకు. ఆ లెక్కలో వ్యాన్ సొంత బరువు, డీజిల్, ఇద్దరు మనుషులు కూడా కలిసే ఉంటాయి. అవి తీసేస్తే పెద్ద వ్యాన్‌లోనైనా సామానుకు మిగిలేది ఒక టన్ను, మహా అయితే ఇంకాస్త. లోపల ఖాళీ కనిపిస్తుంది కదా అని నింపేస్తే దారిలో పోలీసులు తూకం వేసి ఆపేస్తారు. బ్రిటన్‌లో 1997 జనవరి 1కి ముందు కారు టెస్టు పాసైనవాళ్ళకు 7.5 టన్నుల వరకు నడిపే అర్హత లైసెన్సుతోపాటే వచ్చింది. అప్పట్లో వచ్చి ఎన్‌హెచ్‌ఎస్‌లో స్థిరపడ్డ మన డాక్టర్లు చాలామందికి ఆ సంగతి గుర్తుండదు. 70 ఏళ్ళు దాటితే మాత్రం దాన్ని నిలుపుకోవడానికి మెడికల్ పరీక్ష కావాలి.

ఖర్చుకు తగ్గ సామానేనా. లండన్ నుంచి పోలండ్ తూర్పు అంచున ఉన్న ప్షెమిషల్ ఊరికి వెళ్ళి రావడమంటే సుమారు 3,700 కిలోమీటర్లు. నిండా బరువున్న వ్యాన్‌కి వంద కిలోమీటర్లకు పది లీటర్ల లెక్కన 370 లీటర్ల డీజిల్. లీటరు 1.40 పౌండ్లు అనుకున్నా 518 పౌండ్లు అవుతుంది. ఫెర్రీ, టోల్, రాత్రి బసలు, తిండి కలుపుకుంటే వెయ్యి పౌండ్లు దాటడం మామూలే. ఒక టన్ను బియ్యానికో నీళ్ళ సీసాలకో ఈ ఖర్చు పెట్టడం దండగ, అవి పోలండ్‌లోనే దొరుకుతాయి. ఒక టన్ను వీల్‌చైర్లు, ఆసుపత్రి మంచాలు అయితే ఖర్చుకు ఎన్నో రెట్ల విలువ.

ప్రమాదం, ఇన్సూరెన్స్. ప్రభుత్వం వెళ్ళవద్దన్న చోటికి వెళ్తే మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ చెల్లదు. ఉక్రెయిన్‌లో చాలా భాగానికి బ్రిటన్ హెచ్చరిక ఉంది. భారత రాయబార కార్యాలయం 2022 అక్టోబరులోనే మనవాళ్ళను దేశం విడిచి వెళ్ళమని చెప్పింది.

## ఒక్క చూపులో

| దారి | పట్టే సమయం | వీసా, పేపర్లు | మీ జేబు ఖర్చు | ప్రమాదం | ఎవరికి తగినది |
|---|---|---|---|---|---|
| పోలండ్ వరకు కాన్వాయ్ | 5–7 రోజులు | షెంగెన్ వీసా, తగిన లైసెన్సు | ఎక్కువ | దూరప్రయాణపు అలసట | బండి బాగా నడిపేవాళ్ళు, లీవ్ దొరికేవాళ్ళు |
| ఉక్రెయిన్ లోపలికి | వారం పైగా | మల్టిపుల్ ఎంట్రీ షెంగెన్, ఉక్రెయిన్ అనుమతి | చాలా ఎక్కువ | యుద్ధ ప్రమాదం, ఇన్సూరెన్స్ చిక్కు | ఇంతకుముందు వెళ్ళిన బృందంతో వెళ్ళే అనుభవజ్ఞులు |
| సరిహద్దు ఊళ్ళలో పని | కనీసం రెండు వారాలు | షెంగెన్ వీసా లేదా అక్కడి పర్మిట్ | మధ్యస్థం | తక్కువ | భాష వచ్చినవాళ్ళు, పోలండ్‌లో ఉండేవాళ్ళు |
| స్థానిక గోడౌన్ | వారానికి కొన్ని గంటలు | ఏమీ అక్కర్లేదు | బస్సు చార్జీ | లేదు | దాదాపు అందరూ |
| డబ్బు | పది నిమిషాలు | ఏమీ అక్కర్లేదు | మీరు ఇచ్చినంత | తప్పుడు సంస్థ అయితే మోసం | అందరూ |

## పోలండ్ వరకు కాన్వాయ్

ఎక్కువమంది మనసులో ఉన్నది ఇదే. నాలుగైదు వ్యాన్లు కలిసి బయల్దేరతాయి, ఒక్కోదానిలో ఇద్దరు డ్రైవర్లు. డోవర్ నుంచి ఫ్రాన్స్ రేవు కలే, బెల్జియం, జర్మనీ మీదుగా పోలండ్‌లో అడుగుపెట్టాక ఏ4 రోడ్డు పట్టుకుంటే అదే వ్రోట్స్‌వాఫ్, క్రాకూఫ్, జెషూఫ్ మీదుగా ఉక్రెయిన్ సరిహద్దు దాకా తీసుకెళ్తుంది. కలే దిగాక సుమారు 1,700 కిలోమీటర్లు. రెండు రోజులు గట్టిగా నడపాలి, మూడో రోజు సామాను దించాలి, ఆ తర్వాత అంతే దూరం వెనక్కి రావాలి. సామాను జెషూఫ్ లేదా ప్షెమిషల్ దగ్గర గోడౌన్‌లో అప్పగిస్తే, అక్కడి నుంచి ఉక్రెయిన్ డ్రైవర్లు లోపలికి తీసుకెళ్తారు.

ఈ పద్ధతి నాకు నచ్చుతుంది. చివరి అంచె ఆ ఊళ్ళు, ఆ భాష, ఆ చెక్‌పోస్టులు తెలిసినవాళ్ళ చేతుల్లో ఉంటుంది. మనకు మాత్రం యూరప్ లోపల మామూలు ప్రయాణమే, ఇన్సూరెన్స్ కూడా చెల్లుతుంది.

అసలు కష్టం రోడ్డు మీద ఉండదు, బయల్దేరకముందు కాగితాల్లో ఉంటుంది. బ్రెగ్జిట్ తర్వాత బ్రిటన్ నుంచి సామాను వెళ్ళాలంటే ఎగుమతి డిక్లరేషన్, ట్రాన్సిట్ పత్రాలు కావాలి. ప్రతి అట్టపెట్టె మీద నంబరు వేయాలి. ఆ నంబరు పక్కనే లోపల ఏముంది, ఎన్ని ఉన్నాయి, బరువెంత అన్నది ప్యాకింగ్ లిస్టులో ఉండాలి. "రకరకాల బట్టలు" అని రాసిన ఒక్క పెట్టె చాలు, కస్టమ్స్ వాళ్ళు బండంతా విప్పించడానికి. "పిల్లల చలికోట్లు, 6–8 ఏళ్ళు, 14, 11 కిలోలు" అని ఇంగ్లిష్‌లో, ఉక్రెయిన్ భాషలో రాసి అతికిస్తే అధికారికీ సులువు, అవతల పెట్టె తెరిచే అమ్మాయికీ సులువు. మాంసం, పాలు కలిసిన తినుబండారాలు మామూలుగా బ్రిటన్ నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్ళనివ్వరు. ఇళ్ళలో మిగిలిన మాత్రలు ఎవరిచ్చినా తీసుకోవద్దు. ఐర్లాండ్ నుంచి వెళ్ళేవాళ్ళు డబ్లిన్ లేదా రాస్‌లేర్ నుంచి నేరుగా ఫ్రాన్స్‌లోని షెర్‌బూర్‌కి ఫెర్రీ పట్టుకుంటే బ్రిటన్ మీదుగా వెళ్ళే తలనొప్పి తప్పుతుంది. జర్మనీ, నెదర్లాండ్స్ నుంచి బయల్దేరితే పోలండ్ దాకా కస్టమ్సే లేదు. అందుకే బ్రిటన్‌లో విరాళాలు పోగుచేసి, సామాను జర్మనీలోనో పోలండ్‌లోనో కొని అక్కడి నుంచే కాన్వాయ్ నడిపే సంస్థ కనిపిస్తే దానికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

వ్యాన్‌లో మోసుకెళ్ళడానికి తగినవి ఏవంటే, ఇక్కడ చవగ్గా లేదా ఉచితంగా దొరికి, అక్కడ కొనాలంటే భారమయ్యేవి. ఆసుపత్రులు మార్చేసిన మంచాలు, వాకర్లు, వీల్‌చైర్లు, పెద్దవాళ్ళ డైపర్లు, మంచి స్లీపింగ్ బ్యాగులు ఆ కోవలోవి. 2022 అక్టోబరు నుంచి ఉక్రెయిన్ విద్యుత్ కేంద్రాల మీద రష్యా దాడులు మొదలుపెట్టాక జనరేటర్లు, పవర్ బ్యాంకులు, కట్టెల పొయ్యిలు కూడా జాబితాల్లోకి ఎక్కాయి. కరెంటు లేని ఎత్తైన అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఆగిపోతే, మంచం పట్టిన ముసలామెను చూసుకునే కుటుంబానికి డైపర్ల కట్ట ఎంత పెద్ద ఊరటో ఆలోచించండి. వాడిన బట్టలు, టెడ్డీ బేర్లు, టిన్ను ఆహారం వ్యాన్‌లో సగం పైగా ఉన్నాయంటే ఆ కాన్వాయ్ అవతలి అవసరం చూసి బయల్దేరలేదని అర్థం.

ఇంకో సంగతి. రాత్రీ పగలూ నడుపుతాం, నిద్ర అక్కర్లేదు అనే బృందంతో వెళ్ళవద్దు. రోడ్డు ప్రమాదమే ఈ ప్రయాణంలో మీకున్న అతి పెద్ద ముప్పు. జర్మనీలో మంచు పడితే చలికాలపు టైర్లు తప్పనిసరి, పోలండ్‌లో మద్యం పరిమితి దాదాపు సున్నా. ఇవి తెలియని నిర్వాహకుడు వ్యాన్ తాళాలు ఇస్తే తీసుకోకండి.

## సరిహద్దు దాటి లోపలికి

మెడికా దాటితే ల్వివ్ నగరం సుమారు ఎనభై కిలోమీటర్లు. దగ్గరే కదా అనిపిస్తుంది. కానీ సరిహద్దు క్యూలో గంటలు గడుస్తాయి, రాత్రి పూట కర్ఫ్యూ ఉంటుంది, ఏ నిమిషంలోనైనా సైరన్ మోగుతుంది. ల్వివ్ యుద్ధరేఖకు దూరమే అయినా క్షిపణులు అక్కడా పడ్డాయి.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకు ఇందులో ఒక చిక్కుంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. షెంగెన్ వీసా సింగిల్ ఎంట్రీ అయితే, ఉక్రెయిన్‌లోకి అడుగుపెట్టిన క్షణమే అది అయిపోయినట్టు. తిరిగి పోలండ్‌లోకి రావడానికి దారి ఉండదు. ఉక్రెయిన్‌కు వేరే వీసా కావాలి. మన ప్రభుత్వ హెచ్చరికను కాదని వెళ్తే ఇన్సూరెన్స్ మాట అటుంచి, ఇంట్లో తల్లిదండ్రులకు ఏమని చెప్తారు? బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నవాళ్ళకు వీసా బాధ లేదు, మిగతావన్నీ అలాగే ఉన్నాయి.

పికప్ ట్రక్కుల కాన్వాయ్‌ల గురించి కూడా చెప్పాలి. బ్రిటన్ నుంచి పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లను నడుపుకుంటూ వెళ్ళి, అక్కడే వదిలేసి, రైల్లో తిరిగొచ్చే బృందాలున్నాయి. వాటిలో చాలా బండ్లు సైనిక దళాలకు చేరతాయి. దాని తప్పొప్పుల చర్చ వేరే. కష్టాల్లో ఉన్న కుటుంబాలకు సాయం చేద్దామని మీరు వెళ్తుంటే, బండి ఎవరి చేతికి పోతుందో ముందే సూటిగా అడగండి. అది తెలియకుండా సంతకం పెట్టవద్దు, ముఖ్యంగా భారత పౌరులు.

సిరియా అనుభవం మరిచిపోకూడదు. బ్రిటన్‌లోని సాల్ఫర్డ్‌కు చెందిన టాక్సీ డ్రైవర్ అలన్ హెన్నింగ్ 2013 డిసెంబరులో సహాయ కాన్వాయ్‌తో సిరియాలోకి వెళ్ళారు. అక్కడ ఐసిస్ చేతికి చిక్కి, 2014 అక్టోబరులో హత్యకు గురయ్యారు. అంత మంచి మనిషిని ఆయన మంచితనం కాపాడలేకపోయింది. ఉక్రెయిన్ పరిస్థితి సిరియా పరిస్థితి ఒకటి కాదు. అయినా యుద్ధం జరుగుతున్న దేశంలోకి వెళ్ళే బృందానికి భద్రతా శిక్షణ, అక్కడి భాగస్వామి, ఆపద వస్తే బయటపడే పథకం ఉన్నాయా అని అడగడం పిరికితనం కాదు. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా నా సలహా వెళ్ళవద్దనే.

## సరిహద్దు ఊళ్ళలో కొన్నాళ్ళు

2022 వసంతంలో ప్షెమిషల్‌లో మూతపడిన టెస్కో భవనం శరణార్థుల కేంద్రమైంది. రైల్వే స్టేషన్‌లో ఏ రోజు చూసినా పిల్లల తల్లులే. షెఫ్ హోసె ఆంద్రెస్ స్థాపించిన వరల్డ్ సెంట్రల్ కిచెన్ ఆ ఊళ్ళో పెద్ద వంటశాల నడిపింది. ఎవరు వచ్చి నిలబడ్డా కూరగాయలు తరిగే పని దొరికేది. ఇప్పుడు ఆ రద్దీ లేదు. పని క్రాకూఫ్, వార్సా, జెషూఫ్ లాంటి నగరాలకు మళ్ళింది. అద్దె ఇల్లు వెతికిపెట్టడం, పిల్లలను బడిలో చేర్చడం, ఆసుపత్రిలో మాట సాయం లాంటివి.

అందువల్ల నాలుగు రోజులకు వచ్చేవాళ్ళు ఇక్కడ భారమే. వాళ్ళకు పని చూపించేసరికి వెళ్ళే రోజు వచ్చేస్తుంది. రెండు వారాలకు తక్కువైతే ఈ దారి వదిలేయండి. పోలండ్‌లోనే ఉద్యోగం, చదువు చేస్తున్న తెలుగువాళ్ళకు మాత్రం ఇది చాలా మంచి దారి. ప్రతి శనివారం ఒకే చోటికి వెళ్ళే మనిషి మీద కేంద్రం ఆధారపడగలదు.

ఇక్కడ మనకు ప్రత్యేకంగా ఉన్న బలం ఒకటుంది. ఉక్రెయిన్‌లో ఏళ్ళ తరబడి మెడిసిన్ చదివిన మన పిల్లలకు రష్యన్ గానీ ఉక్రెయిన్ భాష గానీ వచ్చు, రోగితో మాట్లాడటం కూడా తెలుసు. ఒక పెద్దావిడ తన బీపీ మాత్ర పేరు చెప్పలేక కాగితం మీద గుండె బొమ్మ వేసి చూపిస్తుంటే, పక్కన నిలబడి మాట కలపగలిగినవాళ్ళ విలువ పది వ్యాన్లకు తక్కువేమీ కాదు. అలాంటివాళ్ళు ఇప్పుడు యూరప్‌లో ఉంటే ఫోన్లోనైనా ఈ పని చేయవచ్చు, ప్రయాణం కూడా అక్కర్లేదు.

## మీ ఊరి గోడౌన్

నా దృష్టిలో ఎక్కువమంది తెలుగువాళ్ళు మొదట ఎంచుకోవాల్సింది ఇదే. ఇక్కడ ఫొటోలు రావు, బహుశా అందుకే ఎప్పుడూ మనుషులు చాలరు.

పని ఏమిటంటే, బల్ల మీద సంచులు గుమ్మరిస్తారు. ఒక బూటు ఉంటుంది, జత ఉండదు. జత దొరికితే లేసులు ముడివేసి, సైజు రాసి టేపు అంటించాలి. జిప్ పోయిన కోటు పక్కన పెట్టాలి. యూరోపియన్ యూనియన్‌లోని గోడౌన్ అయితే పాలపొడి డబ్బా అడుగున గడువు తేదీ చూడాలి, మూడు నెలల్లో అయిపోయేది వద్దు, ఎందుకంటే అది తల్లి చేతికి చేరేసరికే సగం కాలం గడిచిపోతుంది. మరకలున్న దుప్పటి చూసి "పర్లేదులే, లేనివాళ్ళే కదా" అని ఎవరైనా అంటే ఒప్పుకోకూడదు. మీ అత్తగారింటికి పంపే దుప్పటి అయితే ఎలా చూస్తారో అలా చూడాలి. మూడు గంటలు నిలబడితే నడుము పట్టేస్తుంది. కానీ ఆ మూడు గంటల్లో సరిగ్గా సర్దిన పెట్టెలు సరిహద్దులో ఒక బండిని ఒక పూట ముందు వదిలేలా చేస్తాయి.

మోసే ఓపిక లేనివాళ్ళకు కాగితాల పని ఉంది. స్టాక్ లెక్క ఎక్సెల్‌లో పెట్టడం, కస్టమ్స్ పత్రాలు తయారుచేయడం, విరాళాలిచ్చిన కంపెనీలకు ఉత్తరాలు రాయడం లాంటివి. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకు ఇది కొట్టినపిండి. చిన్న చారిటీలు చాలావరకు ఇక్కడే ఇబ్బంది పడతాయి. నెలకు రెండు సాయంత్రాలు ఇంట్లో కూర్చుని ఈ పని చేసే మనిషి దొరికితే వాళ్ళు వదులుకోరు.

బ్రిటన్‌లో స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకు ఒక మాట. చారిటీకి స్వచ్ఛందంగా చేయి సాయం చేయవచ్చు. కానీ ఇన్ని గంటలు రావాలి, ఈ బాధ్యత మీదే అని ఒప్పందంలా రాసుకుంటే దాన్ని పనిగానే లెక్కిస్తారు, డిగ్రీ విద్యార్థులకు ఉన్న వారానికి 20 గంటల పరిమితిలో అదీ కలుస్తుంది. ఒప్పుకునే ముందు యూనివర్సిటీ వీసా ఆఫీసులో ఒకసారి అడగండి.

## డబ్బు

డబ్బు పంపడమంటే చేతులు దులుపుకోవడమని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఉక్రెయిన్‌లో చాలా చోట్ల దుకాణాలు తెరిచే ఉన్నాయి, కొనడానికే డబ్బు లేదు. 2022లో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ, మరికొన్ని సంస్థలు ఇళ్ళు వదిలిన కుటుంబాలకు మనిషికి నెలకు 2,220 హ్రివ్నియాల (ఉక్రెయిన్ కరెన్సీ) చొప్పున నేరుగా నగదు ఇచ్చాయి. దానితో ఒకరు మందులు కొనుక్కుంటారు, ఒకరు అద్దె కడతారు, ఇంకొకరు పిల్లాడికి బూట్లు కొంటారు. ఏం కావాలో ఆ తల్లికి తెలిసినంతగా మనకు తెలియదు. ఆ డబ్బు అక్కడి దుకాణదారుణ్ణీ నిలబెడుతుంది.

బ్రిటన్‌లో పన్ను కట్టేవాళ్ళు గిఫ్ట్ ఎయిడ్ పెట్టెలో టిక్ పెడితే ప్రతి పౌండుకు ప్రభుత్వం 25 పెన్నీలు కలుపుతుంది. 1963లో ఏర్పడిన డిజాస్టర్స్ ఎమర్జెన్సీ కమిటీ పెద్ద చారిటీల ఉమ్మడి వేదిక. ఉక్రెయిన్ పిలుపుకు దానికి వచ్చింది 40 కోట్ల పౌండ్లకు పైనే. చిన్న సంస్థకే ఇవ్వాలనిపిస్తే చారిటీ కమిషన్ వెబ్‌సైట్‌లో దాని నంబరు కొట్టి, ఖాతాలు వేళకు దాఖలు చేశారో లేదో చూడండి. ఐర్లాండ్‌లో చారిటీస్ రెగ్యులేటర్ జాబితా, జర్మనీలో నమ్మదగిన చారిటీలకు ఇచ్చే డీజెడ్ఐ ముద్ర ఇందుకు పనికొస్తాయి. వ్యక్తి సొంత బ్యాంకు ఖాతాకు డబ్బు అడిగితే, ఎంత తెలిసినవాళ్ళైనా, వద్దనండి.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో పంపాలనుకునేవాళ్ళు రిజర్వ్ బ్యాంక్ అనుమతించే విదేశీ చెల్లింపుల పథకం కింద బ్యాంకు ద్వారా పంపవచ్చు. విదేశీ సంస్థకు ఇచ్చిన విరాళానికి 80జి మినహాయింపు మాత్రం రాదు. ఇంట్లో వాడిన బట్టలు పార్సిల్ చేసి పంపే ఆలోచన మాత్రం మానుకోండి. ఆ పార్సిల్ ఖర్చుతో అక్కడ కొత్తవే వస్తాయి.

## మీ పరిస్థితిని బట్టి

చదువుకుంటున్నవాళ్ళు. గోడౌన్. వీసా ఫీజు, ఫెర్రీ డబ్బులు పోగుచేసి ఒక్క ప్రయాణం చేయడం కంటే, సెమిస్టర్ అంతా శనివారాలు వెళ్ళడం మేలు. పైగా వయసు 25 దాటకపోతే వ్యాన్ ఇన్సూరెన్స్ దొరకడం సాధారణంగా కష్టం.

చిన్న పిల్లలున్న ఉద్యోగస్తులు. డబ్బు, ఇంటి నుంచి చేసే కాగితాల పని. భార్యాభర్తల్లో ఒకరు వారం రోజులు ఊరు వెళ్తే మిగిలినవాళ్ళ మీద పడే భారాన్నీ లెక్కలో వేయండి. కొన్ని కంపెనీలు స్వచ్ఛంద సేవకు ఏడాదికి కొన్ని రోజులు జీతంతో కూడిన లీవ్ ఇస్తాయి, ఉద్యోగి ఇచ్చిన విరాళానికి అంతే మొత్తం కలుపుతాయి. హెచ్‌ఆర్‌ను అడిగితే పోయేదేమీ లేదు.

డాక్టర్లు, నర్సులు. వ్యాన్ నడపడానికి మీ లీవ్ ఖర్చుచేయకండి. ఆసుపత్రి మంచాలు మార్చేటప్పుడు పాతవి ఎక్కడికి పోతున్నాయో మీకు తెలుస్తుంది, మీ ఒక్క ఫోన్ కాల్‌తో పాతిక మంచాలు రావచ్చు. వచ్చిన వైద్య పరికరాల్లో ఏది పనికొస్తుంది, ఏది పనికిరాదు అని తేల్చే మనిషి ప్రతి గోడౌన్‌కీ కావాలి.

రిటైరైనవాళ్ళు, బ్రిటిష్ పాస్‌పోర్టు, పాత లైసెన్సు ఉన్నవాళ్ళు. కాన్వాయ్‌కి సరిగ్గా మీరే కావాలి. వీసా బాధ లేదు, పెద్ద బండి నడపగలరు, లీవ్ అడగక్కర్లేదు. ఆరోగ్యం సహకరిస్తే వెళ్ళండి, పోలండ్ వరకు.

జర్మనీ, పోలండ్‌లో ఉండేవాళ్ళు. ప్రయాణం తక్కువ, కస్టమ్స్ లేదు. నలుగురు స్నేహితులు కలిసి స్థానిక సంస్థకు వారాంతపు డ్రైవర్లుగా పేరు నమోదు చేసుకుంటే, బ్రిటన్ నుంచి వచ్చే వ్యాన్‌కయ్యే ఖర్చులో కొంత భాగంతోనే అదే పని అవుతుంది.

ఇవన్నీ చదివాక కూడా కాన్వాయ్‌లో వెళ్ళాలనే ఉంటే, వెళ్ళండి. ఒకసారి వెళ్ళొచ్చినవాళ్ళు ఏళ్ళ తరబడి ఆ పనిని వదలకపోవడం నేను చూశాను, ఆ పట్టుదల డబ్బుతో కొనలేం. కాకపోతే పేరు ఇచ్చే ముందు నిర్వాహకుణ్ణి ఇవి అడగండి: సామాను అందుకునే సంస్థ పేరేమిటి, వాళ్ళు పంపిన జాబితా చూపిస్తారా? పోయినసారి అందిన రసీదు ఉందా? వ్యాన్ ఇన్సూరెన్స్‌లో నా పేరు ఉంటుందా? రోజుకు ఎన్ని గంటలు నడుపుతాం? దారిలో బండి చెడిపోతే ఖర్చు ఎవరిది?

పిల్లల కానుకల కాన్వాయ్ అయితే ఇంకొకటి కూడా అడగండి, ఏ తేదీకి చేరుస్తున్నారని. ఉక్రెయిన్ 2023లో క్రిస్మస్‌ను జనవరి 7 నుంచి డిసెంబరు 25కి మార్చుకుంది. పిల్లలు కానుకల కోసం ఎదురుచూసే సెయింట్ నికోలస్ పండగ కూడా డిసెంబరు 6కి వచ్చింది. ఆ రోజుకు అందాలంటే వ్యాన్లు నవంబరు చివరి వారంలో కదలాలి, పెట్టెలు నవంబరు మధ్యకల్లా మూసేయాలి, మీ వీసా అక్టోబరులో చేతికి రావాలి. జనవరి మొదటి వారంలో చేరుస్తామని చెప్పే నిర్వాహకుడు అక్కడివాళ్ళతో ఈ మధ్య మాట్లాడలేదన్నమాట.